మా పెరట్లో చిన్న ఏనుగు

పెరడంటే మన ఆడవాళ్లకి కరివేపాకు చెట్టు, తులసికోట, బట్టలారేసుకునే తీగ. 2025 వేసవిలో మూడు నెలలపాటు మా పెరట్లో అవేవీ కంటికి ఆనలేదు. చక్రాలు ఊడదీసిన టాటా ఏస్ బండి ఒకటి చెక్క దిమ్మెల మీద కూర్చుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా, "పాత ఇనుము కొట్టుకి తోలేయక ఎందుకండీ ఈ పాట్లు" అన్నవాళ్లే. మేం తోలెయ్యలేదు. ఎందుకు, ఎలా అన్నది మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది కడియం పక్క ఊరు. మావారు నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని రాజమండ్రి, కాకినాడ తోలతారు. ఈ ఏస్ బండి దేశంలోకి 2005లో వచ్చింది. ఉత్తరాదివాళ్లు ముద్దుగా 'ఛోటా హాథీ' అంటారు, అంటే చిన్న ఏనుగు. మాది 2010లో వాయిదాల మీద కొన్నది. రెండే సిలిండర్లు, 702 సీసీ డీజిలు ఇంజను. అది డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మొయ్యాల్సిన బరువు 750 కిలోలు. ఈ 750 అన్న అంకె కాస్త గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో పెద్ద గొడవంతా దాని మీదే జరిగింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మావారు ఏటిగట్టు మీంచి ఊళ్లోకి దిగుతుంటే బ్రేకు పెడలు నేలకి ఆనుకుపోయింది. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు లాగి, ఎవరి ఇంటి ముందో పోసిన ఇసక కుప్పలోకి ఎక్కించేశారట. మనిషికేమీ కాలేదు. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగుతుంటే గ్లాసు వణకడం చూశాను. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. కొత్త బండి కొనే తాహతు లేదు. షెడ్డులో అడిగితే మొత్తం సొమ్ము ముందే కట్టమన్నారు. చివరికి నా రెండు పేటల గొలుసు బ్యాంకులో పెట్టి, పెరట్లోనే చేసుకుందామని తేల్చుకున్నాం. మా మరిది మెకానిక్కు. ఆదివారాలు వస్తానన్నాడు. మా అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇక నేనంటారా, కాగితాలూ డబ్బులూ చూసుకుంటానన్నాను. చివరికి చేతులు కూడా పెట్టాల్సొచ్చింది.

మొదట తేలిన సంగతేమిటంటే, తప్పంతా మాదే. మొక్కల సంచుల్లోంచి కారే నీళ్లు, ఎరువు కలిసిన మట్టి పదిహేనేళ్లు తొట్టి అడుగున నానాయి. నీళ్లు పోయే కన్నాలు మట్టితో పూడిపోతే ఒక్కరం పుల్ల పెట్టి పొడవలేదు. అడుగు రేకు అప్పడంలా విరిగింది. ఆ తడికే బ్రేకు గొట్టం తుప్పు పట్టి చెమర్చింది. వెనక చక్రం డ్రమ్ములో కూడా ఆయిలు కారి ఉంది. ఇక ఇంజనులో ఆయిలు పోసే మూత తిప్పితే లోపల పాలు కలిపిన కాఫీ తెట్టులా కనబడింది.

"వదినా, రేడియేటరు నీళ్లు ఆయిల్లో కలిసిపోతున్నాయి. హెడ్డు గ్యాస్కెట్టు పోయింది" అన్నాడు మరిది.

కూలెంటు పొయ్యకుండా ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఫలితం. మన గీజర్లలో గార కట్టినట్టే లోపలంతా కట్టిందిట.

ఇంజను విప్పిన రోజు నా పాత అల్యూమినియం ఇడ్లీ ప్లేట్లు అటకమీంచి దింపాను. ఏ భాగం బోల్టులు ఆ ప్లేటులో, ఏ వరసలో తీస్తే ఆ వరస గుంటలో. పొడుగు బోల్టులైతే అట్టముక్క మీద బొమ్మ గీసి, ఎక్కడివక్కడ గుచ్చాం. మరిది నవ్వాడు గాని, బిగించేటప్పుడు ఒక్క బోల్టు కూడా వెతుక్కోలేదు. టైమింగు బెల్టు గుర్తులు చెరిగిపోతాయంటే మా అమ్మాయి తెల్ల గోళ్లరంగు తెచ్చి చుక్కలు పెట్టింది. ఆ బెల్టు పాతబడి తెగిందంటే లోపల వాల్వులు వంగిపోతాయట. అందుకని పైకి బాగానే కనబడుతున్నా మార్చేశాం. హెడ్డుని మాత్రం లేతు షాపుకే పంపాలి. అది వంకర పోయిందో లేదో చూసి చదును చెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు.

ఇంకొకటి. మావారు సీటు కింద వేడి తగలకుండా గోనె సంచులు కుక్కారు. బయటికి లాగితే ఆయిల్లో నాని జిడ్డోడుతున్నాయి. ఒక్క నిప్పురవ్వ పడితే ఏం కాను! మీ ఇంట్లో బండి ఉంటే ఇవాళే సీటెత్తి చూడండి. తర్వాత నేనే కుట్టుమిషను మీద కొత్త సీటు కవరు కుట్టాను.

పని జరిగినన్నాళ్లూ రెండు షరతులు పెట్టాను. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు, దిమ్మెలుండాల్సిందే. వెల్డింగుకి ముందు బ్యాటరీ వైర్లు ఊడదీసి, డీజిలు ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి. "అమ్మ మళ్లీ మొదలెట్టింది" అని మావాడు విసుక్కున్నా వినలేదు.

గొడవ అసలు తొట్టి దగ్గర వచ్చింది. మావాడు ఫోనులో ఎవరిదో బండి చూపించాడు. పక్క రేకులు ఎత్తు పెంచి, వెనక కమానుకట్టలకి ఇంకో రెండు పట్టీలు వేసి, లావు టైర్లు తొడిగారు. "అమ్మా, ఇలా చేస్తే ట్రిప్పుకి డబుల్ లోడు" అన్నాడు. మావారికీ మనసయింది. నేను కొట్లో కాటా తెప్పించి, నీళ్లు పోసిన మొక్క సంచి ఒకటి తూయించాను. 3 కిలోల 200 గ్రాములు. 234 సంచులకే 750 కిలోలయిపోతాయి. ఈయన ఇన్నాళ్లూ వేస్తున్నవి 300. అంటే 960 కిలోలు!

"కట్టలు గట్టిపడితే సరిపోయిందా? బ్రేకులకి ఎవరు చెప్తారండీ మనం రెండు క్వింటాళ్లు ఎక్కువేశామని?" అన్నాను. ఈయన మాట్లాడకుండా బయటికెళ్లిపోయారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

మరిదే ఆర్టీవో ఆఫీసులో కనుక్కొచ్చాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవాళ్లు ఇచ్చినవి, రిజిస్ట్రేషను కాగితంలో ఉన్నవి మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. మా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఎలానూ ఉంది. అక్కడ ఆపేస్తే పెట్టిన సొమ్మంతా మట్టిపాలే కదా.

చివరికి రాజీ ఇలా కుదిరింది. తొట్టి కొలతలు ముట్టుకోలేదు. లోపల నట్లు విప్పితే ఊడొచ్చే ఇనుప అరలు చేయించాం. వాటి బరువు 40 కిలోలు, అదీ 750లోనే లెక్క. కింద 220 సంచులు దాటవు. పై అరలో కొబ్బరిపొట్టు ట్రేల్లో పెంచే పూల నారు మాత్రం ఒకటీ అరా. బరువు తక్కువ, ధర బాగుంటుంది. అడుగున రెడాక్సైడు రెండు పూతలు వేసి, చెక్క పట్టీలు పరిచి, నీళ్లు పోయే కన్నాలన్నీ తెరిపించాం. ఎక్కించబోయే ముందు మొక్కలకి నీళ్లు పొయ్యడం మానేశారు. ముందు రోజు సాయంత్రమే పోస్తున్నారు.

నాకు బాగా గుర్తుండిపోయింది బ్రేకు గాలి తీసిన రోజు. గొట్టాలూ, వీల్ సిలిండర్లూ కొత్తవి వేశాక లోపల చిక్కుకున్న గాలిని తియ్యాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. మావారు పొలం పనిలో ఉన్నారు. నేను చీర చెంగు దోపుకుని సీటెక్కాను. మావాడు వెనక చక్రం దగ్గర కూర్చుని, "నొక్కమ్మా... అలాగే ఉంచు... ఇప్పుడు వదులు" అంటుంటే నొక్కుతూ పోయాను. సీసాలోకి దిగిన గొట్టంలో బుడగలు రావడం ఆగేదాకా అలాగే. దూరపు చక్రంతో మొదలెట్టి నాలుగూ అయ్యేసరికి కాలు పీకేసింది. ఆ నూనె రంగు మీద పడితే రంగూడిపోతుంది, జాగ్రత్త. మిగిలిపోయిన పాత డబ్బాలోది వాడకూడదట, చెమ్మ పీలుస్తుంది. ఆఖరున పెడలు నా కాలికి రాయిలా తగిలింది. ఏటిగట్టు గుర్తొచ్చి, ఇంకో పదిసార్లు నొక్కి చూసుకున్నాను.

రంగు మాత్రం డబ్బులు మిగిలితేనే అన్నాను. మిగల్లేదు. ముందు భాగానికి ఒక పూత, అంతే. ఫిట్‌నెస్ అయితే మొదటిసారే వచ్చింది. ట్రిప్పు ఆదాయం మొదట్లో తగ్గింది, నారు ట్రేలు అలవాటయ్యాక కాస్త పుంజుకుంది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, నాలుగు నెలల్లో విడిపిస్తానంటున్నారు. ఖర్చు రాసిన పుస్తకంలోనే ఇప్పుడు ఆయిలు ఎప్పుడు మార్చాం, కూలెంటు ఎప్పుడు పోశాం అన్నవి రాస్తున్నాను.

ఇడ్లీ ప్లేట్లు మాత్రం వంటింట్లోకి రానివ్వలేదు. మరిది పట్టుకుపోయాడు.