దస్తావేజులో వర్ణరేఖ

లొరైన్ హాన్స్‌బెర్రీ నాటకం 'ఎ రైజిన్ ఇన్ ద సన్' 1959లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. అందులో లిండ్నర్ అనే తెల్ల పెద్దమనిషి, తమ పేటలో ఇల్లు కొన్న నల్లజాతి కుటుంబం దగ్గరకొచ్చి, ఎక్కువ ధరిస్తాం, తిరిగి మాకే అమ్మేయండి అని మర్యాదగా అడుగుతాడు. కోర్టుకు పోక డబ్బుతో ఎందుకొచ్చాడు? జవాబు దస్తావేజుల్లో ఉంది.

అమెరికా నగరాల్లో తెల్ల యజమానులు తమ స్థలాలను నల్లవారికి అమ్మరాదని ఒప్పందాలు రిజిస్టరు చేసుకొనేవారు. భూమితోపాటు షరతూ చేతులు మారేది. రచయిత్రి తండ్రి కార్ల్ 1937లో చికాగోలో అలాంటి పేటలోనే ఇల్లు కొన్నాడు. 1940లో సుప్రీంకోర్టులో గెలిచాడు. ఏ కారణంతో? 95 శాతం సంతకాలుంటేనే చెల్లవలసిన ఒప్పందానికి ఉన్నవి 54 శాతమే. చెల్లుతుందన్న పాత తీర్పు, ఆ దావాలో పాల్గొననివారిని బంధించదన్నారు. వివక్ష న్యాయమా అన్న అసలు ప్రశ్నను ముట్టుకోలేదు. న్యాయస్థానాల చాకచక్యం ఇలాగే ఉంటుంది.

1948లో షెల్లీ-క్రేమర్ కేసులో ఆ ప్రశ్న తప్పలేదు. ఒప్పందం రాసుకోవడం వ్యక్తుల ఇష్టమట; దాన్ని కోర్టు అమలు చేస్తే మాత్రం ప్రభుత్వమే వివక్ష చూపినట్టు, అది రాజ్యాంగపు 14వ సవరణకు విరుద్ధం. కాగితం మిగిలింది, జవాను రాడు. 1968 గృహవసతి చట్టం వచ్చేదాకా ఇదే స్థితి. లిండ్నర్ నిలబడ్డది ఈ సందులోనే.

తండ్రి కేసు నడిచిన రోజుల్లో అల్లరిమూకలు ఇంటిమీదకొస్తే, తల్లి రాత్రిళ్ళు పిస్తోలు పట్టుకొని కాపలా కాసిందని లొరైన్ తర్వాత రాసింది. తీర్పులో ఆ సంగతి లేదు.