జీవ భద్రతా క్యాబినెట్, లామినార్ ఎయిర్ ఫ్లో: రక్షణ ఎవరికి?

శుద్ధమైన గాలి వీచే పరికరం ఏదైనా పనిచేసేవారికి సురక్షితమేనన్న భావన మన విద్యార్థులలో బలంగా ఉంది. ఇది సరికాదు. అడ్డంగా గాలి వీచే లామినార్ ఎయిర్ ఫ్లోలో హెపా ఫిల్టరు గుండా వచ్చిన గాలి మొదట వర్ధనాన్ని తాకి, అటుపైన పనిచేసేవారి ముఖం మీదికి వస్తుంది. రైజోబియం వర్ధనాలకు, కణజాల వర్ధనానికి ఈ ఏర్పాటు సరిపోతుంది. కానీ బూజు పట్టిన వేరుశనగ గింజల నుంచి ఆస్పర్జిల్లస్ ఫ్లావస్‌ను వేరుచేసేటప్పుడు అదే గాలి సిద్ధబీజాలను నేరుగా ముక్కు వద్దకు చేరుస్తుంది. మొక్కల తెగులు కారకాలలో అధిక భాగం మనుషులకు సోకవు. ఈ శిలీంధ్రం అటువంటిది కాదు. అఫ్లాటాక్సిన్ సంగతి అటుంచితే, రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తులలో ఇది నేరుగా వ్యాధిని కలిగించగలదు.

ఇటువంటి పనికి రెండవ తరగతి జీవ భద్రతా క్యాబినెట్ అవసరం. గదిలోని గాలి సెకనుకు సుమారు 0.5 మీటర్ల వేగంతో ముందుభాగంలోని జాలీలోకి లాగబడుతుంది. లోపల వడపోసిన గాలి పైనుంచి కిందికి దిగుతుంది. ఎ2 రకంలో దాదాపు 70 శాతం గాలి లోపలే తిరుగుతుండగా, మిగిలినది మరొక హెపా ఫిల్టరు ద్వారా బయటికి పోతుంది. ఈ విధంగా మనిషికి, వర్ధనానికి, పరిసరాలకు రక్షణ లభిస్తుంది. మొదటి తరగతిలో వర్ధనానికి రక్షణ ఉండదు. పూర్తిగా మూసివేసి, చేతితొడుగుల ద్వారా పనిచేసే మూడవ తరగతి క్యాబినెట్ అవసరం వ్యవసాయ కళాశాలలకు అరుదు.

హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలను సైతం 99.97 శాతం వరకు పట్టి ఉంచుతుంది. ఆవిరులను మాత్రం ఆపలేదు. కనుక అఫ్లాటాక్సిన్‌ను క్లోరోఫాంతోనో మిథనాల్‌తోనో సంగ్రహించే పనిని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

ముందున్న గాలి తెర చాలా సున్నితమైనది. సీలింగ్ ఫ్యాను, పక్కనే తెరుచుకునే తలుపు, జాలీపై పెట్టిన రికార్డు పుస్తకం, లోపల వెలిగించిన బర్నరు, చేతులను విసురుగా కదపడం — వీటిలో ఏ ఒక్కటైనా దానిని చెదరగొట్టగలదు. అతినీలలోహిత దీపం వెలిగించినంత మాత్రాన బల్లను తుడిచే పని తప్పదు.

గాలి వేగాన్ని, ఫిల్టరు అంచుల బిగువును ఏటా పరీక్షింపజేయాలి. క్యాబినెట్‌ను ఒక గది నుంచి మరొక గదికి మార్చినా ఈ పరీక్ష తప్పనిసరి. మన ప్రయోగశాలలలో ఎక్కువగా విస్మరింపబడుతున్నది ఇదే. కొనుగోలుకు నిధులు కోరేటప్పుడే ఈ వార్షిక పరీక్షల వ్యయాన్ని కూడా ప్రతిపాదనలో చేర్చడం ఉచితం.