'స్టూడియస్' అనే విశేషణం

'స్టూడియస్' అనే ఆంగ్ల విశేషణం కనిపించగానే తెలుగు అనువాదకునికి 'అధ్యయనశీలి' అనే మాట తోస్తుంది. విద్యార్థిని గూర్చి చెప్పేచోట అది చక్కగా అతుకుతుంది. చిక్కంతా ఆ విశేషణం విద్యార్థిని విడిచి మరొకదాని పక్కన నిలిచినప్పుడే.

ఈ పదానికి మూలం లాటిన్ భాషలోని 'స్టూడియుమ్'. దానికి తొలి అర్థం చదువు కాదు. ఉత్సాహం, అనురక్తి, అభినివేశం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తన 'ఆనల్స్' ఆరంభంలో తాను 'స్టూడియుమ్' లేకుండా వ్రాస్తానన్నాడు. ఆయన వదలుకొన్నది చదువును కాదు, పక్షాభిమానాన్ని. కాలక్రమాన ఆ అభినివేశం విద్యవైపు మళ్లి స్టూడెంట్, స్టడీ మొదలైన మాటలు ఏర్పడ్డాయి.

కనుక 'స్టూడియస్' ప్రశంసించేది మేధను కాదు, పూనికను. మందబుద్ధి అయినా పట్టుదలతో చదివేవాడు స్టూడియస్. ఏకసంథాగ్రాహి అయినా పుస్తకం ముట్టనివాడు కాడు. 'తెలివైన' అని అనువదిస్తే మూలంలోని శ్రమ మరుగవుతుంది.

రెండవ ప్రయోగంలో చదువు ప్రసక్తే లేదు. సభలో ఇద్దరు వైరులు ఒకరివైపు ఒకరు చూడకుండా జాగ్రత్తపడితే, ఆ తప్పించుకోవడాన్ని ఆంగ్ల రచయిత 'స్టూడియస్' అంటాడు. 'అధ్యయనశీలమైన మౌనం' అని వ్రాస్తే పాఠకుడు నవ్వుతాడు. 'పట్టుబట్టి పాటించిన మౌనం' అంటే భావం తెలుస్తుంది. దీనికి తోబుట్టువైన 'స్టడీడ్' అనే మాటలో ముందుగా యోచించి చేసిన తనం, తరచు కొంత కృత్రిమత కూడా ధ్వనిస్తాయి. రెంటినీ ఒకే మాటతో సరిపెట్టరాదు.

మనకూ ఇటువంటి పదమొకటి ఉన్నది. 'శుశ్రూష' అంటే సంస్కృతంలో వినవలెననే కోరిక. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో బుద్ధిగుణాలను చెబుతూ దానినే మొదట పేర్కొన్నాడు. వినగోరినవాడు గురుసేవ చేసేవాడు గనుక ఆ మాటకు సేవ అనే అర్థం కలిగింది. నేటి తెలుగులో అది రోగి పరిచర్యగా నిలిచింది. లాటిన్ పదం అభినివేశం నుంచి చదువుకు చేరగా, మన పదం చదువు నుంచి సేవకు చేరింది.

చదువు పట్లనూ, ఇతర విషయాల పట్లనూ సమానంగా చెల్లే మాట తెలుగులో 'శ్రద్ధ'. శ్రద్ధగా చదువుతాడంటాము, ఆరోగ్యంపై శ్రద్ధ అంటాము. అనువాదకుడు ముందుగా ఆ మాటను పెట్టి చూసి, అది పొసగనిచోట మాత్రమే మరొకటి వెదకడం మేలు.