మధుమేహ పాదవ్రణాల చికిత్సలో కొల్లాజెన్ కట్లు: పనితీరు, పరిమితులు

కీలకపదాలు: మధుమేహం, పాదవ్రణం, కొల్లాజెన్, ప్రోటియేజు ఎంజైములు, భారనివారణ

ఉపోద్ఘాతం

మధుమేహ రోగి పాదానికి పుండు పడినప్పుడు, దానికి ఏ మందు పెట్టాలన్న ప్రశ్నే సాధారణంగా ముందుకు వస్తుంది. అది ఎందుకు మానడం లేదన్న ప్రశ్న వెనుకబడుతుంది. కొల్లాజెన్ కట్లను అర్థం చేసుకోవాలంటే ఈ రెండవ ప్రశ్నతోనే ఆరంభించాలి. పుండు మానకపోవడానికి గల అనేక కారణాలలో ఈ కట్టు ఒక్కదానిని మాత్రమే ఎదుర్కొంటుంది. ఆ కారణం ఏదో, మిగిలినవి ఏవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తంలో చక్కెర దీర్ఘకాలం అధికంగా ఉన్నప్పుడు పాదాల నాడులు దెబ్బతింటాయి. చెప్పులో రాయి చేరినా, వేడి నేల కాల్చినా రోగికి తెలియదు. చెమట తగ్గి చర్మం పొడిబారుతుంది, పగులుతుంది. వేళ్ళ ఆకృతి మారి అరికాలిలో ఒకేచోట ఒత్తిడి పడడం వల్ల అక్కడ ఆనెకాయ కడుతుంది. ఆ గట్టి చర్మం కింద కణజాలం నలిగి పుండవుతుంది. కాలి ధమనులు కూడా ఇరుకైతే గాయానికి చేరవలసిన ప్రాణవాయువు చేరదు. ఆపైన సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి.

కొల్లాజెన్ స్వరూపం

కొల్లాజెన్ మన చర్మం, ఎముక, స్నాయువులలో ప్రధానమైన ప్రోటీను. గ్రీకులో జిగురు అనే అర్థమున్న పదం నుండి దానికి ఆ పేరు వచ్చింది. జంతుచర్మాన్ని ఉడికించి వడ్రంగులు తీసిన జిగురు ఈ ప్రోటీను రూపాంతరమే. దీని అణునిర్మాణం మూడు పోగులను పేనిన తాడువంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించి, మరుసటి సంవత్సరం ఆ నమూనాను సవరించారు. ప్రతి మూడవ స్థానంలో అతి చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసిన్ ఉండడం వల్లనే ఆ పేనిక అంత బిగువుగా కుదురుతుంది. అదే నగరంలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ తరువాతి కాలంలో గాయాలకు, కాలిన పుండ్లకు కొల్లాజెన్ పొరల తయారీపై కృషి చేసింది. తోలు పరిశ్రమకూ శస్త్రచికిత్సకూ ఈ చుట్టరికం వింతగా తోచవచ్చు గాని, రెండింటి ముడిపదార్థం ఒకటే.

మామూలు గాయంలో మేట్రిక్స్ మెటల్లోప్రోటియేజులనే ఎంజైములు మొదటి కొద్ది రోజులు పెరిగి, చెడిన కణజాలాన్ని కరిగించి, ఆపై తగ్గిపోతాయి. మధుమేహ వ్రణంలో అవి తగ్గవు, వాటిని అదుపుచేసే నిరోధకాలు చాలవు. ఫలితంగా ఫైబ్రోబ్లాస్టు కణాలు కొత్తగా అల్లిన కొల్లాజెన్‌ను, దానితోపాటు వృద్ధికారకాలను కూడా ఈ ఎంజైములు ఛేదిస్తుంటాయి. పగలు కట్టిన గోడను రాత్రి కూల్చినట్టే. బయటి నుండి కొల్లాజెన్ పొరను పరిస్తే ఎంజైములు దానిని కరిగించడంలో నిమగ్నమై సొంత కణజాలాన్ని కొంత విడిచిపెడతాయనేది ఈ చికిత్సలోని తర్కం. ఆ పొర తేమను నిలుపుతుంది, కణాలు పాకి రావడానికి ఆధారంగానూ ఉంటుంది.

ఆధారాలు ఏమంటున్నాయి

తర్కం ఎంత చక్కగా ఉన్నా ఫలితం వేరుగా తేలవలసిందే. 2002లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షలో 276 మంది రోగులను రెండు సమాన వర్గాలు చేశారు. ఒక వర్గానికి కొల్లాజెన్, ఆక్సీకృత సెల్యులోజ్ కలిసిన కట్టు, రెండవ వర్గానికి తడి గాజుగుడ్డ వాడారు. 12 వారాలకు మొదటి వర్గంలో 37 శాతం, రెండవ వర్గంలో 28.3 శాతం పుండ్లు పూర్తిగా మానాయి. ఈ తేడా గణాంకశాస్త్రరీత్యా నిర్ధారణకు నిలవలేదు. ఆరు నెలల లోపు పుండ్లలో అంతరం కొంత ఎక్కువగా (45, 33 శాతం) కనిపించినా అదీ సరిహద్దు దగ్గరే ఆగింది. మధుమేహ పాదంపై అంతర్జాతీయ కార్యవర్గం 2023 మార్గదర్శకాలలో పుండు మాన్పడం కోసం కొల్లాజెన్ కట్లు వాడవద్దని సూచించింది. ఇది హానికరమని కాదు; మేలు జరుగుతుందని చెప్పడానికి ఉన్న ఆధారాలు బలహీనమని దాని భావం. కట్టు ఖరీదును సొంతంగా భరించే రోగి విషయంలో ఈ భేదం చిన్నది కాదు.

పుండుపై శరీరభారం పడకుండా చూసే భారనివారణ మాటకు వస్తే, నా దృష్టిలో చికిత్స అంతటికీ అదే ఇరుసు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల అరికాలి పుండ్లను పరిశీలించి, అవి నొప్పి తెలియని పాదంపై నిరంతరం నడవడం వల్ల కలుగుతున్నాయని నిరూపించారు. కాలికి పట్టీ వేసి భారాన్ని పంచితే మొండి పుండ్లు సైతం మానేవి. 1960లలో ఆయన అమెరికాకు వెళ్ళిన తరువాత అదే పద్ధతి మధుమేహ రోగులకు అన్వయించబడింది. ఎంత విలువైన పొర పరిచినా రోగి దానిమీదే నడిస్తే ప్రయోజనం శూన్యం. రక్తప్రసరణ చాలని కాలికి ముందుగా దానిని సరిదిద్దవలసి ఉంటుంది.

ఇవన్నీ చక్కబెట్టిన తరువాత కూడా పుండు కదలనప్పుడే కొల్లాజెన్ గురించి ఆలోచించడం సమంజసం. అందుకు ఒక కొలమానం ఉంది. 203 మంది రోగులపై 2003లో వెలువడిన విశ్లేషణలో, నాలుగు వారాలలో పుండు వైశాల్యం సుమారు సగానికి పైగా తగ్గినవారిలో 58 శాతం మందికి 12 వారాలకు పుండు మానగా, అంతగా తగ్గనివారిలో 9 శాతానికే మానింది. కాబట్టి ప్రతివారం పుండును కొలిచి నమోదు చేయడం ఏ కట్టుకైనా మొదటి షరతు.

వాడుకలోని కొన్ని విషయాలు

చచ్చిన కణజాలాన్ని, చుట్టూ ఉన్న ఆనెకాయను తొలగించి, సెలైన్‌తో కడిగి, పుండు కొలతకు కత్తిరించిన పొరను అంటేలా పరచి పైన మరొక కట్టు కడతారు. పొడి పుండైతే పొరను సెలైన్‌తో తడపాలి. చికిత్స చేయని చీము పుండుపై వేయరాదు. కొన్ని రోజులకు కట్టు విప్పినప్పుడు పొర కరిగి పసుపుపచ్చని జిగటగా కనిపిస్తుంది. దీనిని చీముగా భ్రమించి కంగారుపడే రోగులున్నారు గనుక ముందే చెప్పడం మేలు. అయితే వాపు, ఎరుపు, వేడి, జ్వరం తోడైతే అది భ్రమ కాదు, వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

ఈ పొరలు పశువు, పంది, చేప వంటి వేర్వేరు జంతువుల నుండి తయారవుతాయి. వాటిలో దేనికైనా అలర్జీ ఉన్నవారికి అవి పనికిరావు. ఆహారనియమం, మతవిశ్వాసం కారణంగా అంగీకరించనివారూ ఉంటారు. పెట్టెమీద ఆ వివరం ఆంగ్లంలో, అదీ శాస్త్రీయ పదంతో ఉంటుంది. కాబట్టి సమ్మతిపత్రంపై సంతకం తీసుకునే ముందు ఆ పొర గొడ్డుతోలుదో, పందిదో, చేపదో అన్నది రోగికి వాడుకమాటలోనే చెప్పాలి.