ఇంజను ఆయిలు మట్టము: కడ్డీని చూడవలెనా, దీపమును నమ్మవలెనా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతులకు ఒకప్పుడు కాడెద్దులే సేద్యమునకు ఆధారముగ నుండెడివి. ఎద్దు అలసినచో నురుగు గ్రక్కును, మేత మానును, అడుగు తడబడును. యజమాని దానిని చూచినంతనే కారణము గ్రహించి కాడి దింపెడివాడు. నేడు దుక్కి, దమ్ము, విత్తుట, ధాన్యము తోలుట మున్నగు పనులలో అధిక భాగము ట్రాక్టరుతోనే సాగుచున్నది. ట్రాక్టరు అలసటను చెప్పుకొనలేదు. దాని ఇంజనులో ఆయిలు తగ్గినదో లేదో మనమే కనుగొనవలెను. ఇందులకు రెండు మార్గములు కలవు. మొదటిది డిప్‌స్టిక్కు అనబడు కొలత కడ్డీని చేతితో తీసి చూచుట. రెండవది డ్రైవరు ఎదుటి పలకపై వెలుగు దీపమును, అంకెలను నమ్ముట. ఈ రెంటి బలాబలములను సభ్యులకు తెలియజేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇంజను అడుగున తొట్టివంటి భాగమొకటి కలదు. ఆయిలు అందులో నిలిచియుండును. ఇంజను తిరుగునపుడు ఒక పంపు ఆ ఆయిలును పీల్చి, సన్నని దారుల గుండ క్రాంకు, బేరింగులు మున్నగు భాగములకు ఒత్తిడితో పంపును. తిరుగు లోహమునకును నిలిచిన లోహమునకును నడుమ ఆయిలు పలుచని పొరగా నుండి రాపిడిని వారించును, వేడిని గొనిపోవును, మసిని, మురికిని తనలో నిలుపుకొనును. ఆ పొర తెగినచో లోహము లోహముతో రాచుకొని, కొలది నిమిషములలోనే బేరింగులు కాలి, ఇంజను బిగిసిపోవచ్చును. అప్పుడు ఇంజనును విప్పి క్రాంకును సానబట్టించుట, బేరింగులు మార్పించుట తప్పదు. ఆ ఖర్చు ఒక యెత్తు, పదును దాటిపోవుట మరియొక యెత్తు. వాన పడిన నాలుగు దినములలో విత్తవలసిన ప్రత్తి చేనునకు, ట్రాక్టరు పదిహేను దినములు మెకానిక్కు కొట్టములో నున్నచో కలుగు నష్టమును ఏ బిల్లులోను చూడజాలము.

ఇచట ముఖ్యమైన విషయమొకటి కలదు. పెక్కు ట్రాక్టర్లలో కనబడు ఎఱ్ఱని ఆయిలు దీపము ఆయిలు మట్టమును తెలుపునది కాదు. అది ఒత్తిడిని మాత్రమే తెలుపును. ఈ భేదము మనకు చెరువు వలన సులభముగ బోధపడును. చెరువులో నీరు దినదినము తగ్గుచున్నను, తూము మునిగియున్నంత వరకు కాలువ పారుచునే యుండును. కాలువను మాత్రము చూచువాడు చెరువు నిండుగ నున్నదని తలచును. కాలువ ఎండిననాడు తెలిసికొని చేయగలిగినది స్వల్పము. ఎఱ్ఱదీపము కాలువ ఎండినదని చెప్పు వార్త. కడ్డీ చెరువు లోతును చూపు కొలబద్ద. కావున దీపము వెలుగలేదు గనుక ఆయిలు నిండుగ నున్నదనుట సరికాదు. పని నడుమ ఆ దీపము వెలిగినచో సాలు ముగించెదమనియు, గట్టు వఱకు పోయెదమనియు తలపక, ఉన్నచోటనే ఇంజనును ఆపవలెను.

అట్లయిన మట్టమునే చూపు విద్యుత్ సాధనములు లేవా యన్నచో, కలవు. కార్లలో అవి నానాటికి వ్యాపించుచున్నవి. కొన్నింటిలో ఆయిలులో మునిగిన సన్నని తీగెకు స్వల్ప విద్యుత్తునిచ్చి వేడిచేయుదురు. తీగె ఎంత మునిగియున్న అంత త్వరగా చల్లారును గనుక దానినిబట్టి మట్టమును లెక్కింతురు. మరికొన్నింటిలో చెవికి వినరాని ధ్వనిని పంపి, అది ఆయిలు పైతలమును తాకి మరలివచ్చు కాలమును కొలుతురు. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2004–05 ప్రాంతమున వెలువరించిన ఆరు సిలిండర్ల ఇంజనులో కొలత కడ్డీని తొలగించి, ఇట్టి సాధనమునే ఉంచినది. పిమ్మట ఇతర సంస్థల కార్లును కొన్ని ఇదే త్రోవ త్రొక్కినవి.

ఈ సాధనముల మేలును కాదనరాదు. డ్రైవరు మరచినను అవి మరువవు. కారు నడచుచుండగనే మట్టము తగ్గినదని హెచ్చరించును. చేతికి మసి అంటదు. చీకటిలోనైనను అంకె కనబడును. అయినను వానికి కొన్ని హద్దులు కలవు. పెక్కింటిలో ఇంజను తగినంత వేడెక్కి, బండి సమతలమున నుండిననే కొలత సరిగ వచ్చును. తీగె తెగినను, కొలుచు పరికరము చెడినను మాట దక్కదు. పాకలో నిలిపిన బండి తీగెలను ఎలుకలు కొరుకుట మన పల్లెలలో వింత కాదు. కడ్డీ బొత్తిగ లేని బండిలో అట్టి వేళ సరిచూచుకొనుటకు వేరు దారి యుండదు.

స్వయముగ పనిచేయు సాధనము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మదనాపురము సమీపమునందలి సరళాసాగరము 1949లో ఆరంభింపబడి 1959లో ముగిసినది. అందు నీరు నియమిత మట్టమునకు రాగానే, తలుపు లెత్తువాడు లేకయే సైఫనులు నీటిని వెలికి త్రోయును. దానిని చూచుటకు దూరప్రాంతములవారును వచ్చుచుందురు. అయినను 2019 డిసెంబరు 31వ తేదీన ఆ చెరువు మట్టికట్టకు గండి పడినది. సైఫను నీటిమట్టము నెరుగును గాని కట్టలోని లోపము నెరుగదు. కట్టపై నడచి చూచు నీరటి కన్ను దానికి తోడుగ నుండవలసినదే. ఇంజను విషయమునను ఇంతే. మట్టము తెలుపు సాధనము మట్టమునే తెలుపును.

కడ్డీ అంతకంటె ఎక్కువ చెప్పును. దాని కొననంటిన ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని అనుమానింపవలెను. ఆయిలు పోయకయే మట్టము పెరిగి, పలుచబడి, డీజిలు వాసన వచ్చినచో డీజిలు లోనికి దిగుచున్నదన్నమాట. మట్టము పెరిగినది గదా యని సంతోషించుట ఇచట ప్రమాదము. వ్రేళ్ళ నడుమ రుద్దినపుడు లోహపు పొడి మెరసినచో మెకానిక్కునకు చూపవలెను. అయితే డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజము. మసిని తనలో నిలుపుకొనుట దాని పనియే. నలుపును మాత్రము చూచి ఆయిలును పారబోయుట వృథా వ్యయము. మార్చు వేళను కంపెనీవారి పుస్తకములో చెప్పిన గంటల లెక్కను బట్టి, ట్రాక్టరు గంటల మీటరును చూచి నిర్ణయింపవలెను.

చూచు పద్ధతి ఇది. ట్రాక్టరును సమతలమున నిలుపవలెను. దమ్ముమడిలో ఒకవైపు ఒరిగియున్నపుడు చూచిన కొలత చెల్లదు. ఉదయమున ఇంజను నడపకముందు చూచుట ఉత్తమము. నడచిన ఇంజనైనచో ఆపి పది, పదిహేను నిమిషములు తాళినపిమ్మట చూడవలెను. ముందుగ కడ్డీ చుట్టునున్న దుమ్మును తుడువవలెను. లేనిచో ఆ దుమ్మే లోనికి పోవును. కడ్డీని తీసి, పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, పూర్తిగ లోనికి దింపి, మరల తీసి చూడవలెను. మొదటిసారి తీసిన కొలతను లెక్కింపరాదు. ఆయిలు రెండు గుర్తుల నడుమ నుండవలెను. తక్కువైనచో పుస్తకములో చెప్పిన రకమునే కొంచెము కొంచెముగ పోసి, ఆగి, మరల చూడవలెను. పై గుర్తును దాటి పోయుటయు దోషమే. క్రాంకు ఆ ఆయిలును చిలికి నురుగు చేయును. నురుగు లోహమును కాపాడదు.

కడ్డీకి గల లోపము ఒక్కటే: చూచువాడు లేనిచో అది మూగది. ఒక చేతిలో నున్న ట్రాక్టరు సంగతి వేరు. అద్దెకు పోవు ట్రాక్టరును, పలువురు కలిసి కొన్న ట్రాక్టరును నేడొకరు, రేపొకరు నడుపుదురు. ఆయిలు చూచుట ఎవరి పని యన్నచో అందరిదియు అగును. అందరి పని యెవరి పనియు కాదు. ఇంజను బిగిసిననాడు యజమాని డ్రైవరును నిందించును. డ్రైవరు నిన్నటివానిని చూపును. అప్పు కిస్తీ మాత్రము నిలువదు. పేద కూలివాడగు డ్రైవరుపై చేయని తప్పు పడుటయు అన్యాయమే.

కావున మేము సూచించునదేమన, ట్రాక్టరుతోపాటు ఒక చిన్న పుస్తకము నుంచవలెను. అందు తేదీ, గంటల మీటరు అంకె, కడ్డీపై మట్టము, పోసిన ఆయిలు, చూచినవాని సంతకము అను అయిదు గడులు చాలును. ట్రాక్టరు చేతులు మారునపుడు ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కలిసి కడ్డీని చూడవలెను. పలకపై దీపమును డ్రైవరొక్కడే చూచును. కడ్డీని ఇద్దరు చూడగలరు. వరుసగ వ్రాసినచో మరియొక లాభము కలదు. వారమునకు ఎంత తగ్గుచున్నదో తెలియును. తగ్గుదల హెచ్చినచో క్రింద కారుచున్నదా, నీలిపొగతో కాలిపోవుచున్నదా యని ముందే విచారించి, స్వల్ప వ్యయముతో బాగుచేయించుకొనవచ్చును.

విద్యుత్ సాధనమున్న బండిని కొన్నవారు దాని హెచ్చరికను తప్పక మన్నింతురు గాక. కడ్డీయు నున్నచో దానిని మానరాదు. వానకాలపు పనులకు ముందును, యాసంగి దమ్ములకు ముందును ప్రతి సంఘమును ఈ పుస్తకము నారంభించినచో, ఉదయమున వెచ్చించు అయిదు నిమిషములు మన సభ్యుల పదునును, పైకమును, పరస్పర విశ్వాసమును కాపాడగలవు.