అద్దములో అక్షరము

ఇంట తయారుచేసిన సి.ఎన్.సి. యంత్రముతో చెక్కపై 'క' అను అక్షరమును చెక్కించితిమి. అది అద్దములో చూచినట్లు వచ్చినది. లోపమెక్కడ?

పలకను బల్లపైననే త్రిప్పి చూడుడు. తలక్రిందులు చేయగా సరిపడినచో ఎక్స్, వై అక్షములు రెండును తిరుగబడినవి. లేదా మీరే యంత్రమునకు ఆవలిప్రక్క నిలిచితిరి! ఎంత త్రిప్పినను సరిపడనిచో ఒక అక్షమే తిరుగబడినది, లేక రెండిటి తీగలు తారుమారైనవి.

కుడిచేతి బొటనవ్రేలు ఎక్స్, చూపుడువ్రేలు వై, నడిమివ్రేలు జెడ్ అనుకొని, మూడును ఒండొంటికి లంబముగా చాపుడు. ఇవి చూపునది పనిముట్టు కదలికను, బల్ల కదలికను కాదు. బల్ల జరుగు యంత్రములో పనిముట్టు కుడికి పోయినట్లగుటకు బల్ల ఎడమకు జరుగవలెను. ఇది గ్రహింపక సరిగానున్న తీగలను మార్చి చెడగొట్టుకొనుట కద్దు.

జెడ్ తిరుగబడినచో మరింత ప్రమాదము: పైకి లెమ్మన్న పనిముట్టు బల్లలోనికి దిగును. కావున మొదట ములికిని ఊడదీసి, 10 మిల్లీమీటర్లు మాత్రమే నడిపి చూడవలెను.

స్టెప్పర్ మోటారులో రెండు తీగచుట్టలుండును. ఒక చుట్ట కొనలు రెండింటిని మార్చిన మోటారు ఎదురు తిరుగును. విద్యుత్తు ఆపిన పిమ్మటనే తీగలను ముట్టవలెను. లేనిచో డ్రైవరు కాలిపోవచ్చును. జి.ఆర్.బి.ఎల్. వాడువారికి తీగలతో పనిలేదు. డాలరు 3 అను అమరికలో ఎక్స్‌కు 1, వైకి 2, జెడ్‌కు 4. తిరుగవలసిన వాటిని కూడి వ్రాసిన చాలును. ఎక్స్, జెడ్ రెండును తిరుగవలెనన్న 5.