తెలిసిన కథే, అయినా...

మొన్న మా నాన్నగారు అమెరికా వచ్చి మూడు వారాలైనా, ఆయనకీ మా అబ్బాయికీ మధ్య "తిన్నావా" దాటి మాట సాగలేదు. ఆయనకి వాడి ఇంగ్లీషు అందదు, వాడికి తెలుగు అంతంతమాత్రం. ఒక శనివారం రాత్రి 'గోల్డ్‌ఫింగర్' పెట్టాను. 1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా. షాన్ కానరీ హీరో.

ప్రోగ్రాములు రాసుకునే నాకు బాండ్ సినిమా ఒక ఫంక్షన్‌లా కనబడుతుంది. ముందొక చిన్న సాహసం. పైఅధికారి పని అప్పగిస్తాడు. క్యూ కారుకి ఆయుధాలు బిగించి ఇస్తాడు. దొరికిన బాండ్‌ని విలన్ కాల్చి పారెయ్యడు. లేజరు కింద పడుకోబెట్టి కబుర్లు చెబుతాడు. ఊరూ, విలనూ మారతారు, అంతే.

మరి ఎందుకు చూస్తాం? అచ్చులోనే ఎక్కడో చిన్న మెలిక ఉంటుంది గనక. ఇక్కడ విలన్ ఫోర్ట్ నాక్స్ బంగారం దొంగిలించడు; అణుధార్మికతతో దాన్ని పనికిరాకుండా చేసి, తన బంగారం ధర పెంచుకోవాలనుకుంటాడు. చివర్లో బాంబు ఆపడం బాండ్‌కి చేతకాదు. నిపుణుడొకడు వచ్చి మీట నొక్కుతాడు. అంకెలు 007 దగ్గర ఆగుతాయి!

నేను అనువదించబోతే నాన్నగారు వారించారు. "అక్కర్లేదురా, 1966లో 'గూఢచారి 116' చూసినవాణ్ణి. వాడు చావడు."

"116 ఎవరు, తాతయ్యా?" అన్నాడు మావాడు, తెలుగులోనే.

ఆయన కృష్ణ గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేను లేచి కాఫీ కలపడానికి వెళ్ళాను.